కొట్టములోని పశువుల పెద్దరికమును కనిపెట్టు విధము

పది పశువులకు చాలునంత చొప్ప వేసినను కొట్టములో ఒక యావు చిక్కిపోవుచుండును. రైతు దానికి రోగమనియో దృష్టిదోషమనియో తలంచి మందు పోయించును. తుదకు సంతకు తోలి వచ్చిన వెలకు అమ్ముకొనును. అట్లు తోలుటకు ముందు మూడు దినములు గాడియొద్ద నిలిచి చూడవలయును.

పశువులలో పెద్దరికపు వరుస యొకటి గలదు. కోళ్లలో ఇట్టి వరుస యుండుటను నార్వే దేశీయుడగు షెల్డెరుప్ ఎబ్బె 1922లో ప్రకటించెను. 1955లో షైన్, ఫోర్మన్ అనువారు అమెరికాలోని పాడిమంద నొకదానిని పరిశీలించి, వయస్సును బరువును హెచ్చుగా గల యావులే తరచుగా పైవరుసలో నుండునని తెలిపిరి. మేతబీటిలో లొంగినపశువు దూరముగా తొలగి కడుపు నింపుకొనగలదు. కొట్టములోనన్ననో గోడ యడ్డము, తొలగినది పస్తుండును.

పరిశీలించువారు పోట్లాటలను లెక్కించుట పొరపాటు. వరుస స్థిరపడిన మందలో పోట్లాట అరుదు. తవుడో తెలగపిండియో ఒక్క తొట్టిలో వేసి పశువులను విడిచినప్పుడు, ఏది తల విసరగానే ఏది ప్రక్కకు జరుగుచున్నదో చూచి, ఆ రెంటి పేర్లను కాగితముపై వ్రాసికొనవలయును. పసులకాపరి పిల్లవాడు ఈ సంగతి నిదివరకే యెరిగియుండును. వాని నడుగుట చిన్నతనము కాదు. గౌరి లచ్చిని, లచ్చి పుల్లావును, పుల్లావు మరల గౌరిని తొలగించుటయు కద్దు. అది వ్రాతలోని తప్పని కొట్టివేయరాదు.

ఏవి యొండొంటి మెడ నాకుకొనుచు, చేరువగా పరుండి నెమరువేయునో అదియు గుర్తింపవలయును. అట్టివానిని ప్రక్కప్రక్కన కట్టిన గాడియొద్ద తగవు తక్కువగును.

లొంగినపశువును పెద్దదాని కొమ్ము అందనంత దూరమున కట్టి వేరుతొట్టి పెట్టవలయును. అందరికిని ఒక్క తొట్టి కంటె పొడవైన గాడి మేలు. మేతయు ఒక్కమారే అన్నిటికిని వేయవలయును. క్రొత్తగా కొనితెచ్చినదానిని ఇరుకు దొడ్డిలోనికి త్రోయరాదు. వరుస మరల కుదురువరకు కుమ్ములాట తప్పదు గావున, తప్పించుకొనుటకు చోటున్న బయలున కలుపవలయును. చూడియావులను ఆ దినములలో వేరుగా నుంచవలయును.

వేరుగా మేపినను రెండు వారములలో ఒడలు తేరనియెడల పశువైద్యునికి చూపవలయును. చూడగానే రోగలక్షణము తోచినచో అంతవరకును ఆగరాదు.