మనుష్యుల మీదికి వచ్చు పెరటి పుంజు



ప్రత్తిపాడు ప్రాంతమున మిరపకాయలు కళ్ళమునకు చేరు దినములలో ఇంటిల్లిపాదియు అచ్చటనే ఉందురు. పిల్లలు కాయల రాశుల ప్రక్కన ఆడుకొనుచుందురు. కోళ్లును పురుగు పుట్ర ఏరుకొనుచు ఆ చుట్టుప్రక్కలనే తిరుగును. నిన్నటి వరకు సాధువుగా నున్న పుంజు ఒకనాడు హఠాత్తుగా పిల్లవాని మీదికి ఎగురును. చూచు పెద్దలకు అది నవ్వులాటగా తోచవచ్చును. కాని పుంజు ఎగిరి తన్నినపుడు దాని కాలి ముల్లు పెద్దవారికి మోకాలి దగ్గర తగులును. మూడేండ్ల బిడ్డకు కంటికి తగులును. ఈ ఒక్క సంగతి మనస్సున ఉంచుకొని తక్కినది చదువుడు.

పుంజు అయిదారు నెలల ఈడునకు వచ్చుసరికి దాని రక్తమున మగ హార్మోను పెరుగును. పెట్టలను కాచుకొనుట, తోటి పుంజులను తరుముట అప్పుడే మొదలగును. కోళ్ల మందలో ఏది దేనిని పొడువవలెనో ఒక వరుస కలదని నార్వే దేశీయుడైన షెల్డెరప్-ఎబ్బె 1920 దశకమున వ్రాసి ప్రసిద్ధి కెక్కెను. (మన ఇండ్లలో కోళ్లకు గింజలు చల్లు స్త్రీలు ఈ సంగతి ఏనాడో ఎరుగుదురు.) పుంజు మనిషిని కూడ ఆ వరుసలో చేర్చుకొని చూచినప్పుడే చిక్కు వచ్చును. పెట్టను పట్టుకొనవచ్చిన మనిషి దాని కంటికి మరియొక పుంజే.

ఎండుమిరపకాయలు తిన్నందున పుంజుకు పౌరుషము పెరుగునని ఎవరైన చెప్పినచో నమ్మవలదు. మిరపలోని కారము మన నాలుకను మండించును గాని పక్షులకు ఆ మంట తెలియదు. అట్లే పందెపు జాతియైన అసీలు పుంజు మనిషిని తప్పక పొడుచుననుటయు సరికాదు. అది తోటి పుంజుతో ప్రాణము పోవువరకు పోరాడును. కాని చిన్ననాటి నుండి దినమును చేతులలో పెరుగుట వలన పలుమార్లు యజమానికి మచ్చికగానే ఉండును. కావున జాతిని నిందించుటకు ముందు దానిని ఎట్లు పెంచితిమో ఆలోచింపవలెను.

పుంజు తిరుగబడుటకు ముందు గురుతులు చూపును. ఒక రెక్క నేలకు దించి ప్రక్కవాటుగా నడచును, మెడ ఈకలు నిక్కించును, తల వంచి నేలను ఊరక పొడుచును. అట్టి సమయమున పరుగెత్తరాదు. పరుగెత్తినచో అది గెలిచినట్లే తలచును. కాలితో తన్నుటయు తగదు. తన్నిన వానిని ఎదిరి పుంజుగా నెంచి, మరునాడు మరింత గట్టిగా వచ్చును. కర్రతో బాది లొంగదీసితిమని చెప్పువారి ఇండ్లలో పిల్లలు ఒంటరిగా పోయినపుడు ఏమి జరుగుచున్నదో అడిగి చూడుడు. చేటయో గంపయో అడ్డుపెట్టుకొని, వెన్ను చూపక, తొందరపడక నిలువవలెను. అది వెనుదీసిన పిమ్మట మెల్లగా కదలవలెను. ఈడు కొత్తగా వచ్చిన పుంజును రాత్రి గూటిలో మెల్లగా పట్టి, రెక్కలు అదిమి, చంకలో కొంతసేపు ఉంచుకొనుచు వచ్చినచో కొన్ని మెత్తబడును. అన్నియు మెత్తబడునని మేము చెప్పజాలము.

పిల్లలకు కోడిపిల్లను ఉసిగొల్పి ఆడు అలవాటు మాన్పింపుడు. అరచేతిని పొడిపించుకొని మురియు ఆట, ఆరు నెలలు గడచిన పిదప ఆటగా ఉండదు.

పుంజుల సంఖ్యయు ముఖ్యము. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలును. వనరాజా వంటి పెరటి జాతుల పిల్లలను ఆడ, మగ వేరుచేయక కొన్నచో రమారమి సగము పుంజులే వచ్చును. ఎక్కువైన వానిని కొట్లాటలు మొదలగుటకు ముందే, నాలుగవ నెలలో, మాంసమునకు అమ్ముట లాభము. మనిషిని పొడుచు పుంజు వలన పొదిగించి పిల్లలు తీయవద్దు. ఆ గుణము కొంతవరకు సంతతికి సంక్రమించును.

ముల్లు లోపల ఎముకయు రక్తమును కలవు. అందుచే మొదటికి కోయరాదు. కొనను మాత్రము ఆకురాయితో అరగదీసి మొద్దుబార్పవలెను. రక్తము కారినచో పటికపొడి అద్ది ఒత్తిపట్టుడు. ముల్లు మరల పెరుగును గనుక అప్పుడప్పుడు చూచుచుండవలెను.

మనిషికి గాయమైనచో ధారగా పడు నీటితో, సబ్బుతో బాగుగా కడిగి, ధనుర్వాతపు టీకా విషయమై వైద్యుని అడుగవలెను. ముల్లు గాయము పైకి చిన్నదిగా కనబడినను లోతుగా దిగును. పేడగాని, సున్నముగాని పూయరాదు. కంటికి తగిలినచో నలుపక, కడుగక, పసరులు పోయక, ఒత్తిడి కలుగకుండ కప్పి, ఆ దినముననే గుంటూరునకు కంటి వైద్యుని యొద్దకు తీసికొని పోవలెను. తెల్లవారిన పిమ్మట చూతమనుకొనరాదు.

ఇన్నియు చేసినను మారని పుంజును ఇంట ఉంచుకొనవద్దు. దాని గుణము దాచి పొరుగువారికి అంటగట్టుట తగదు. వారింటను పిల్లలు ఉందురు. సంక్రాంతికి కత్తి కట్టువారు మంచి ధర ఇత్తుమని రావచ్చును. కోడిపందెములు జంతుహింస నివారణకై చేయబడిన 1960వ సంవత్సరపు చట్టము ప్రకారము నేరము. అట్టి పుంజును కూరకు వినియోగించుటయే మేలు. ముదురు పుంజు మాంసము గట్టిగా నుండును గావున సన్నని సెగపై నిదానముగా ఉడికింపవలెను.