పటం కథ నుంచి బొమ్మల సినిమాకు

యానిమేషన్ కోర్సులో చేరాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు మమ్మల్ని ఎక్కువగా అడిగేది సాఫ్ట్‌వేర్ గురించే. ఏది నేర్చుకోవాలి, ఎంత ఖర్చవుతుంది అని. సాఫ్ట్‌వేర్ కొన్ని నెలల సాధనతో చేతికి వస్తుంది. ప్రాజెక్టు ఇచ్చిన రోజున ‘ఏ కథ తీద్దాం?’ అన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. చివరికి టీవీలో చూసిన పిల్లీ ఎలుకా, లేదంటే ఎగిరే వీరుడు కాగితం మీదికి వచ్చేస్తారు.

ఒక చిన్న లెక్క చూద్దాం. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకున్నా సెకనుకు 12 బొమ్మలు గీయాలి. అంటే రెండు నిమిషాల చిత్రానికి 1,440 బొమ్మలు. ఇంత చాకిరీని భరించే కథ కావాలి. నెల తిరక్కుండానే మనకు విసుగు పుట్టించే కథ అయితే, ఆ విసుగు బొమ్మల్లోనూ కనబడుతుంది.

మరి పేరున్నవాళ్లు కథ కోసం, బొమ్మ కోసం ఎక్కడ వెతికారు? జర్మనీకి చెందిన లొట్టె రైనిగర్ నీడబొమ్మలాట మీద ఇష్టంతో నల్ల అట్టలు కత్తిరించి, కీళ్లు కట్టి, 1926లో ‘ప్రిన్స్ అహ్మద్ సాహసాలు’ తీసింది. మన తోలుబొమ్మలు చూసినవాళ్లకు ఆ పద్ధతి కొత్తగా అనిపించదు. బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజన్ 1957లో ‘బన్యన్ డీర్’ తీసినప్పుడు జాతక కథను ఎంచుకుంది.

మమ్మల్ని అన్నిటికంటే ఆలోచింపజేసినవాడు జపాన్ దర్శకుడు ఇసావో తకహాతా. జపాన్‌లో పొడవైన కాగితపు చుట్టల మీద కథలు గీసే సంప్రదాయం ఉంది. ఎడమ చేత్తో విప్పుతూ, కుడి చేత్తో చుడుతూ, మూరెడు మూరెడు చూస్తారు. విప్పుతున్నకొద్దీ కథలో కాలం నడుస్తుంది. 12వ శతాబ్దపు ఆ చుట్టల్లోనే యానిమేషన్ లక్షణాలు ఉన్నాయని వివరిస్తూ ఆయన 1999లో ఒక పుస్తకం రాశాడు. 2013లో తమ దేశపు పాత కథ ‘కగుయా యువరాణి’ని పలచని రంగులతో, కుంచె గీతలు కనబడేలా సినిమా తీశాడు.

ఇది చదివినప్పుడు మాకు వెంటనే చేర్యాల గుర్తొచ్చింది. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని ఆ ఊళ్లో నకాషీ చిత్రకారులు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి పటాలు గీసేవారు. వెడల్పు మూడడుగులు ఉంటే, పొడవు నలభై అడుగులకు పైనే. వెనక ఎర్రరంగు, ముందు పసుపు, నీలం మనుషులు. ఒక ఘట్టానికీ మరో ఘట్టానికీ మధ్య పూలతీగ అంచు. కథకుడు పటాన్ని పైనుంచి కిందికి విప్పుతూ, కర్రతో చూపిస్తూ పాడతాడు. మేం క్లాసులో స్టోరీబోర్డు అని నేర్చుకున్నది ఇదే కదా! ఆ కర్ర కొస ఎక్కడ ఆగితే జనం చూపు అక్కడ ఆగుతుంది. కెమెరా చేసే పనీ అదే.

ఈ పటాలు ఒక్కో కులానికి ఒక్కోటి. చాకలివారికి మడేలు పురాణం, పద్మశాలీలకు మార్కండేయ పురాణం, మాదిగలకు డక్కలివారు చెప్పే జాంబపురాణం. మన తాతల కాలంలో ఎవరి వాడలో వారి పటమే విప్పేవారు. ఇవాళ ఆ ఇళ్ల పిల్లలందరం ఒకే హాస్టల్ గదిలో పక్కపక్కన పడుకుంటున్నాం. మా గదిలోనే ఇన్ని కథలున్నాయని మాకు పీజీకి వచ్చాకే తట్టింది.

మేం నలుగురం రెండు నిమిషాల చిత్రానికి జాంబపురాణం మొదటి ఘట్టాన్ని ఎంచుకున్నాం. భూమి పుట్టకముందే పుట్టినవాడు జాంబవంతుడు అంటుంది ఆ కథ. ఊరి చివర ఉండమన్నవాళ్ల కథ, లోకానికే మొదట తమ పెద్దను నిలబెట్టింది! యానిమేషన్‌కు ఇంతకంటే మంచి ఆరంభం ఏముంటుంది? ఆకాశం గీయక్కర్లేదు, నేల గీయక్కర్లేదు. ఖాళీ ఫ్రేములో మనిషి ఒక్కడే. అయితే కింద నేల లేనివాడు ఎలా నిలబడతాడు, అడుగు ఎలా వేస్తాడు? ఈ ఒక్క ప్రశ్నకే మేం రెండు నోటు పుస్తకాలు నింపాం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పటంలోని కళ్లనూ, పూల అంచునూ ఎత్తి తెచ్చి అతికిస్తే అది అలంకరణే అవుతుంది. కథకుడు ఎక్కడ గొంతు తగ్గించాడు, ఎక్కడ జనాన్ని నవ్వించాడు అన్నది పట్టుకోవాలి. అందుకు ఎదురుగా కూర్చుని వినాల్సిందే. ఇప్పుడు చేర్యాలలో పటాల కంటే గోడకు తగిలించే చిన్న బొమ్మలు, మాస్కులే ఎక్కువ తయారవుతున్నాయి. కథకులకు పిలుపులు తగ్గాయి. కాబట్టి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అవ్వనో తాతనో అడిగి రాసుకోండి, ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ముందు అనుమతి అడగండి. పాడినవారికి ఒక పూట కూలి అయినా ఇవ్వండి, అది వారి బతుకుతెరువు. మా చిత్రం టైటిల్స్‌లో కథ చెప్పిన డక్కలి పెద్దాయన పేరు మొదట వేసి, మా నలుగురి పేర్లు ఆ తర్వాత వేయాలని నిర్ణయించుకున్నాం.