కందా బచ్చలీ, కాసిన్ని కబుర్లు

చెల్లాయ్, నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదే. "పిల్ల పాలు మానేసిందక్కా, పెరుగు మానేసింది, నెయ్యి డబ్బా మూత తీస్తేనే లేచి వెళ్ళిపోతోంది. సంక్రాంతికి ఇంటికొస్తే ఏం పెట్టను?" అన్నావు చూడు, అప్పుడు నీ గొంతు వణికింది. అది కోపం అయితే నేనూ నాలుగు చీవాట్లు పెట్టి ఊరుకునేదాన్ని. కానీ అది బెంగ. గోరుముద్దలో నెయ్యి వేసి పెంచిన చెయ్యి కదా నీది! ఆ ముద్దే వద్దంటే నిన్నే వద్దన్నట్టు అనిపించింది. అది నాకు అర్థమైంది. అందుకే పొద్దున్నే కాఫీ కూడా పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. నీలాంటి బెంగ ఉన్న తల్లులు ఇంకా ఎంతమందో. వాళ్ళూ మన పక్కనే పీట వేసుకుని కూర్చుంటారులే.

ముందుగా ఒక మాట. దాన్ని మార్చాలని చూడకు. మూగజీవాల మీద జాలితో తీసుకున్న నిర్ణయం అది. అంత మెత్తని మనసు దానికి ఎక్కడినుంచి వచ్చింది? నీ దగ్గరనుంచే. దాన్ని చూసి మురిసిపోవాలి గానీ ఏడుస్తారటే?

ఇక రెండో మాట. "పాలూ నెయ్యీ తీసేస్తే ఇంకేం మిగులుతుంది" అని కూర్చుంటే రోజూ లోటే కనబడుతుంది. సంచీ పట్టుకుని బజారుకెళ్ళి "ఈ నెల ఏం వచ్చింది" అని చూడు. బోలెడు కనబడతాయి. ఉగాది పచ్చడే తీసుకో. వేప పూత, మామిడి పిందె, కొత్త చింతపండు, కొత్త బెల్లం, ఇవన్నీ ఆ రోజులకే చేతికొస్తాయి. మన ఏడాది మొదలయ్యేదే చుక్క పాలు లేని పచ్చడితో. కాలం ఏమిస్తే అది వండుకోవడం మన పెద్దవాళ్ళ పద్ధతి. పిల్ల దానికి కొత్త పేరు పెట్టుకుంది, అంతే.

మొన్న కార్తీక సోమవారం ముందురోజు రైతుబజారుకి వెళ్ళాను. 1999 జనవరి 26న ఇవి మొదలైనప్పుడు అమ్మ ఎంత సంబరపడిందో నీకు గుర్తుందా? పండించినవాడి చేతినుంచే కూర కొనుక్కోవచ్చు అని. ఇప్పుడూ నేను అదే పని చేస్తాను. ముందు ధర అడగను, "మీ చేలో ఇప్పుడు ఏం కాస్తోంది?" అని అడుగుతాను. ఆ రోజు మట్టి కూడా దులపని కంద ఉంది, తలకాయంత. పక్కనే ఎర్ర కాడల బచ్చలి, ఆకు వత్తితే జిగురు వేలికి అంటుకునేంత లేతది. ఇంకేం వెతుక్కోవాలి? కార్తీకానికి కందా బచ్చలీ జంట.

ఎలా చేశానో చెబుతాను, రాసుకో. అరకిలో కందకి రెండు కట్టల బచ్చలి. కంద తరిగేముందు చేతులకి నూనె రాసుకో. కందలో కాల్షియం ఆక్సలేట్ అని కంటికి కనబడనంత సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలు ఉంటాయి. చేతికి దురద, గొంతుకి గరగర అందువల్లే. చింతపండు పులుపుతో బాగా ఉడికిస్తే ఆ దురద తగ్గిపోతుంది. చామదుంపకైనా కందకైనా అమ్మమ్మ పులుసు పొయ్యకుండా ఎందుకు దించేది కాదో చూశావా!

ముక్కలు చేసి, బచ్చలి ఆకూ లేత కాడలూ తరిగి, కాసిని నీళ్ళూ పసుపూ వేసి మెత్తగా ఉడికించు. గరిటెతో మెదిపితే కంద వెన్నలా విడిపోవాలి. తర్వాత నిమ్మకాయంత చింతపండు గుజ్జు, ఉప్పు, నాలుగు చీరిన పచ్చిమిర్చి, చిన్న అల్లం ముక్క వేసి దగ్గరకి రానివ్వు. వేరే మూకుట్లో పప్పునూనె కాచి శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, రెండు ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు పెట్టి కూరలో కలుపు. ఇప్పుడే అసలు సంగతి. చెంచాడు ఆవాలు, ఒక ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు, కాసిని నీళ్ళతో మెత్తగా నూరి ఉంచుకున్న ఆవ ఉంటుంది కదా, దాన్ని కూర దించి, కాస్త వేడి చల్లారాకే కలపాలి.

పెళ్ళైన కొత్తలో ఇది తెలియక నేను పొయ్యి మీద కూర కుతకుతలాడుతుంటే ఆవ వేసేశాను. ఘాటంతా పోయింది, చేదు మిగిలింది. ఆ రోజు అందరూ పచ్చడితో తిని లేచారు. వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను కూడా. తర్వాత మా అత్తగారు పక్కన కూర్చుని చెప్పింది, నూరిన ఆవకి నీళ్ళు తగిలితే ఘాటు పుడుతుందనీ, మంట తగిలితే పోతుందనీ. ఇప్పుడు ఆవ కలిపిన వెంటనే మూతపెట్టి పావుగంట వదిలేస్తాను. మూత తీసేసరికి ముక్కుపుటాలు అదురుతాయి. వేడి అన్నంలో ఆ కూర, పైన అరచెంచా పప్పునూనె. నెయ్యి గుర్తొస్తే నన్నడుగు!

ఇక నీ సంక్రాంతి. పిల్ల వచ్చేసరికి చిక్కుడు జోరుమీద ఉంటుంది. మన పాదు చిక్కుడు, పాత నాటు రకం, పగలు పొట్టిబడితే గానీ పూయదు. అందుకే దసరాల దాకా ఆకులతో కళకళలాడుతుంది గానీ పూత ఉండదు. చలి మొదలయ్యాక పందిరి నిండా ఊదా పూలు! రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో నైవేద్యం పెడతామే, అది ఆ కాలంలో పందిరి మీద ఉన్నదానికి దణ్ణం పెట్టుకోవడమేగా. కాలీఫ్లవరూ అంతే. చలి తగిలితేనే పువ్వు గట్టిగా, తెల్లగా కట్టుకుంటుంది. ఎండాకాలంలో దాన్ని ఎక్కువ ధర పెట్టి కొన్నా, ఆ రుచి రాదమ్మా.

భోగినాడు చిక్కుడుకాయ, వంకాయ కలిపి నువ్వుపొడి చల్లిన కూర చెయ్యి. కూర దించేముందు రెండు చెంచాల వేయించిన నువ్వుల పొడి వేస్తే చాలు, పాలు పోసిన కూర కన్నా కమ్మగా ఉంటుంది. సంక్రాంతినాడు ముద్దపప్పు, దప్పళం. దప్పళంలో గుమ్మడి, చిలగడదుంప, సొరకాయ, వంకాయ, మునక్కాడ దొరికితే మునక్కాడ. చింతపండు పులుసు, బెల్లం ముక్క, చివర్లో కాస్త బియ్యప్పిండి నీళ్ళు. పిల్ల వద్దన్నది అందులో ఒక్కటి చెప్పు చూద్దాం! అరిసెలు నూనెలో వేయిస్తే అవీ దానివే. మీ పక్కింటి వరంగల్ వాళ్ళిచ్చే సకినాలు బియ్యప్పిండి, నువ్వులు, వాము, నూనె, అంతే. పరమాన్నం మటుకు కొబ్బరిపాలతో చెయ్యి. బెల్లం పాకం వేసి, పొయ్యి కట్టేసి, చివర్లో చిక్కటి పాలు పొయ్యి. ముందే పోసి మరిగిస్తే విరిగినట్టు అవుతాయి.

మా తోడికోడలిది చిత్తూరు వైపు. వాళ్ళకి ఈ చలికాలం అనపకాయల కాలం. గింజల్ని నానబెట్టి, రెండు వేళ్ళ మధ్య పెట్టి పితికితే తొక్క ఊడి పప్పు జారుతుంది. అదే పితికిపప్పు. మసాలా నూరి కూర చేసి రాగిసంగటితో పెడుతుంది. ఒకసారి తిన్నవాళ్ళు చలికాలం కోసం ఎదురుచూస్తారు.

ఏడాదిలో మిగతా రోజులు కూడా ఇంతేనే. వానలు పడ్డాక ఆగాకరకాయ వస్తుంది, బోడకాకర అంటారు చూడు, అది. ధర కాస్త ఎక్కువే, కానీ ఉండేది కొద్దిరోజులే. సన్నగా తరిగి వేయించి వేరుశెనగ కారం చల్లితే చాలు. గోంగూర, తోటకూర, పొన్నగంటికూర అప్పుడే. తెలంగాణలో వినాయక చవితికి తుమ్మికూర వండుతారు. అది ఎవరూ విత్తరు, వానకి చేలల్లో తనే మొలుస్తుంది. అలా తనంతట తాను మొలిచే ఆకుకూరల్ని జహీరాబాద్ వైపు ఆడవాళ్ళు ఎంత ఆదరంగా కాపాడుకుంటున్నారో! కలుపని పీకి పారెయ్యకుండా కూరగా ఒళ్ళో వేసుకుంటారు. ఆ పల్లెల్లో పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలకి 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఆ వార్త చదివిన రోజు నాకు మన అమ్మమ్మే గుర్తొచ్చింది. గట్టు మీద నడుస్తూ నడుస్తూ కొంగునిండా ఆకు కోసుకొచ్చేది కదా.

శివరాత్రి దాటితే మునక్కాడలు, పనసకాయలు. గోదావరి జిల్లాల్లో బజారు పక్కన కూర్చుని పనసకాయని కత్తితో టకటకా కొట్టి పొట్టు చేసి ఇస్తారు. అదీ ఆవ పెట్టిన కూరే. ఆ వెనకే చింతచిగురు. రెండు అరచేతుల మధ్య నలిపి పుల్లలు ఏరేసి కందిపప్పులో వేస్తే, పప్పుకి పులుపు దాని చిగురుతోనే. ఆపైన మామిడికాయ పప్పు, దోసకాయ పచ్చడి. కూరలో పెరుగు ఏ నెలలోనూ తప్పనిసరి కాదని చూశావా?

"మరి చివర్లో పెరుగన్నం లేకుండా ఎలాగక్కా?" అంటావు. తెలుగువాళ్ళకి అదొక్కటే అసలు కష్టం, ఒప్పుకుంటాను. చారు అన్నంతో ముగించడం అలవాటు చెయ్యి. వేసవిలో మన వైపు పాత ఇళ్ళల్లో ఉండే తరవాణి గుర్తుందా? గంజీ కడుగునీళ్ళూ కుండలో పోసి పులియబెట్టి, ఆ పుల్లటి నీళ్ళు చద్దన్నంలో పోసుకుని, ఉల్లిపాయ, ఆవకాయ ముక్క నంజుకుని తినేవాళ్ళం. పాలు లేని పులుపు మనకి కొత్తేం కాదు. వేరుశెనగ పాలని పచ్చిమిర్చి తొడిమలు వేసి తోడుపెట్టుకునే వాళ్ళున్నారు. పిల్లకి సరదా ఉంటే అదే చేసుకుంటుంది.

ఇక్కడ మాత్రం అక్కగా కాస్త గట్టిగా చెబుతున్నాను, విను. మొక్కలనుంచి వచ్చే తిండిలో బి12 విటమిన్ నమ్ముకోదగ్గంత ఉండదు. పాలు కూడా మానేశాక అది మాత్రగానో, దాన్ని చేర్చిన తిండిగానో అందాల్సిందే. తక్కువైతే నీరసం, చేతులూ కాళ్ళూ తిమ్మిర్లు, రక్తహీనత వస్తాయి. మెల్లగా వస్తాయి కాబట్టి చాలామంది పట్టించుకోరు. పిల్లని డాక్టరుకి చూపించి, రక్తపరీక్ష చేయించి, ఎంత వేసుకోవాలో అడుగు. దీన్ని "సర్లే" అని వదిలెయ్యకు.

మిగతావి వంటింట్లోనే ఉన్నాయి. కాల్షియంకి పొట్టు తీయని నువ్వులు, మునగాకు, రాగులు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే పక్కన సి విటమిన్ ఉండాలి. తోటకూర వేపుడు దించాక నిమ్మరసం పిండు. కార్తీకంలో అయితే పచ్చి ఉసిరికాయ తొక్కు వెయ్యి. తిన్న వెంటనే టీ తాగనివ్వకు, ఉన్న ఇనుమూ పట్టదు. కందిపప్పు, పెసలు, అలసందలు, శనగలు రోజూ ఏదో ఒకటి ఉండేలా చూడు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు మనిషికి రోజుకి 400 గ్రాముల కూరగాయలు తినమంటారు. ఇంట్లో ఒక్కసారి తూచి చూడు, మనం వండేది అందులో సగమైనా ఉండదు. కాలం కూరలు చవగ్గా ఉన్నప్పుడే ఆ లెక్క అందుకోవడం తేలిక.

చివరికొక్క సంగతి. పిల్ల వచ్చిన రోజు ముందే వండి బల్లమీద సర్దెయ్యకు. గుప్పెడు చిక్కుళ్ళు, చాట, ఇద్దరి మధ్యలో పెట్టుకో. ఈనె తీస్తూ కూర్చోండి. చిక్కుడుకాయ ఈనె తీసేటప్పుడు చూపు కాయ మీద ఉంటుంది కదా, మొహంలోకి చూసి చెప్పలేని మాటలు అప్పుడు తేలిగ్గా బయటికొస్తాయి. ఎందుకు మానేసిందో అది చెబుతుంది. నీకెందుకు గుండె కలుక్కుమందో నువ్వు చెప్పు. ఈలోపు చాట నిండుతుంది. ఆ కూర నీ చేత్తోనే కలిపి, పప్పునూనె వేసి, మొదటి ముద్ద పెట్టు. నోరు తెరుస్తుంది చూడు.

ఆ సాయంత్రం ఫోన్ చెయ్యి. నేను ఎదురుచూస్తుంటాను.

నీ అక్క