మిడత రంగు, లద్దెపురుగు నలుపు: పెప్టైడ్ హార్మోన్ల పాత్ర

2020 మే నెలాఖరులో అనంతపురం జిల్లా రాయదుర్గం పరిసరాలలో జిల్లేడు మొక్కలపై గుంపులుగా కనిపించిన మిడతలు రైతులను తీవ్ర ఆందోళనకు గురిచేశాయి. ఎడారి మిడతల దండు రాజస్థాన్ దాటి మధ్యప్రదేశ్, మహారాష్ట్రలకు చేరిందన్న వార్తలు అప్పటికే వ్యాపించి ఉన్నాయి. పైగా అది ఖరీఫ్ వేరుశనగకు నేలలు సిద్ధం చేసుకునే సమయం. పరిశీలనలో అవి స్థానికంగా ఉండే జిల్లేడు మిడతలని తేలింది. ఈ జాతి జిల్లేడులోని విషపదార్థాలను తన దేహంలో నిల్వచేసుకొంటుంది. దాని పసుపు, నీలి చారలు పక్షులకు హెచ్చరిక. దండుగా తిరిగే ఎడారి మిడత కూడా పరిపక్వ దశలో పసుపు రంగులోనే ఉంటుంది గనుక రైతు పొరపడటంలో వింత లేదు. కీటకం రంగు దేనిపై ఆధారపడుతుందో విస్తరణ శాస్త్రవేత్తకు తెలియకపోవడం మాత్రం ఇబ్బందికరం.

జంతువుల రంగును హార్మోన్లు శాసిస్తాయన్న సంగతి తొలుత కప్పల ద్వారా తెలిసింది. 1916లో అలెన్, స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు వేర్వేరుగా తోకకప్పల పీయూష గ్రంథి మూలాన్ని తొలగించగా అవి పాలిపోయాయి. ఇందుకు కారణమైన పదార్థమే మెలనోసైట్లను ప్రేరేపించే హార్మోన్. దాని ఆల్ఫా రూపంలో 13 అమైనో ఆమ్లాలుంటాయి. చర్మంలోని గ్రాహకాలపై పనిచేసినప్పుడు అది మెలనిన్‌ను పెంచుతుంది. మెదడులోని హైపోథాలమస్‌లో వేరొక గ్రాహకంపై పనిచేసినప్పుడు ఆకలిని తగ్గిస్తుంది. అణువు ఒక్కటే, గ్రాహకాన్ని బట్టి ఫలితం వేరు. కీటకాలలోని పెప్టైడ్లు నిర్మాణంలో దీనికి భిన్నమైనవే అయినా పనితీరులో ఇదే సూత్రం కనిపిస్తుంది.

మిడతల విషయంలో ప్రధానమైనది కొరజోనిన్. 11 అమైనో ఆమ్లాల ఈ పెప్టైడ్‌ను 1989లో వీన్‌స్ట్రా బొద్దింక నుంచి వేరుచేశారు. అది గుండె స్పందనను పెంచడం వల్ల, హృదయమనే అర్థమిచ్చే స్పానిష్ పదం నుంచి ఆ పేరు వచ్చింది. పదేళ్ల తరువాత, 1999లో, దీని స్వల్పభేద రూపమే మిడతలలో నల్లదనాన్ని కలిగిస్తుందని రుజువైంది. ఈ హార్మోన్ లోపించిన తెల్లని మిడతలకు దానిని సూది ద్వారా ఎక్కించగా నల్లని వర్ణం ఏర్పడింది. ఏకాంతంగా పెరిగిన పిల్ల మిడత ఆకుపచ్చగానో, మట్టి రంగులోనో ఉండి, కిక్కిరిసి పెరిగినది నలుపు, పసుపు మచ్చలతో కనిపించడంలో దీని పాత్ర ముఖ్యం. ఈ రెండు రూపాలూ ఒకే జాతికి చెందిన దశలని ఉవరోవ్ 1921లోనే ప్రతిపాదించారు.

ఇక్కడ విద్యార్థులు తరచుగా తొందరపడతారు. రంగు మారింది గనుక ప్రవర్తన కూడా దానివల్లనే మారిందనుకోరాదు. కొరజోనిన్ ఎక్కించిన ఏకాంత మిడతలు రంగు మారాయే గాని గుంపు కట్టే స్వభావాన్ని సంతరించుకోలేదు. ఆ స్వభావానికి మూలం వేరు: వెనుక కాళ్లు పదేపదే ఇతర మిడతలకు తగలడం వల్ల వక్ష నాడీసంధులలో సెరటోనిన్ పెరగడమేనని 2009లో వెల్లడైంది. అట్లని కొరజోనిన్‌కు ప్రవర్తనతో సంబంధమే లేదనీ అనలేము. మన దేశపు అడవులలోని ఒక గెంతుడు చీమలో అది వేటకు పోయే కూలి చీమల స్వభావాన్ని ప్రోత్సహిస్తుందని 2017లో తెలిసింది.

మన వేరుశనగకు మరింత దగ్గరి ఉదాహరణ పొగాకు లద్దెపురుగు. ఆడ రెక్కల పురుగు లింగాకర్షక పదార్థాన్ని తయారుచేయాలంటే, ఆహారవాహిక కింద ఉన్న నాడీసంధి నుంచి 33 అమైనో ఆమ్లాల పెప్టైడ్ విడుదల కావాలి. దీనిని 1989లో అశోక్ రైనా బృందం మొక్కజొన్న కంకి పురుగులో గుర్తించింది. మరుసటి ఏడాది జపాన్ శాస్త్రవేత్తలు పట్టుపురుగు నుంచి, లద్దెపురుగులను నల్లబరచే హార్మోన్‌ను శుద్ధిచేసి చూడగా, అది పట్టుపురుగులోని ఆకర్షక ప్రేరక పెప్టైడే! అనగా, ఎకరాకు నాలుగు చొప్పున మనం పెట్టించే లింగాకర్షక బుట్టల వెనుకనున్న రసాయన వ్యవస్థే, డింభక దశలో అవభాసిని నలుపునకు కారణమవుతోంది.

కిక్కిరిసి పెరిగిన లద్దెపురుగులు నల్లబడటం రైతులు ఎరిగినదే. దానిని కొత్త పురుగుగా భావించి మందు మార్చడం వ్యర్థ వ్యయం. గోధుమ నూగుతో కప్పిన గుడ్ల సముదాయం, జల్లెడాకులు, పురుగు దేహంపై వరుసగా ఉండే నల్లని త్రికోణ మచ్చలు, ఇవి రంగు కంటె నమ్మదగిన గుర్తులు. అయితే నలుపును పూర్తిగా విస్మరించడమూ సరికాదు. ఆఫ్రికా సైనిక పురుగులో గుంపుగా పెరిగిన నల్లని డింభకాలు ఎన్.పి.వి. వైరస్‌ను ఎక్కువగా తట్టుకున్నట్లు ప్రయోగాలు చూపాయి. మన లద్దెపురుగులోనూ అదే జరిగితే, ఉధృతి పెరిగిన తరువాత వైరస్ ద్రావణం చల్లి ఫలితం లేదని రైతు వాపోవడానికి ఒక కారణం దొరికినట్లే. కాబట్టి జల్లెడాకులు కనిపించిన తొలి రోజులలోనే, సాయంకాలం పిచికారీ చేయించడం మేలు.

స్నాతకోత్తర విద్యార్థికి ఇది చక్కని పరిశోధనాంశం. ఒకే గుడ్ల సముదాయం నుంచి వచ్చిన పురుగులను కదిరి-6 ఆకులపై కొన్నింటిని ఒంటరిగా, కొన్నింటిని గుంపుగా పెంచి, సమాన బరువున్న వాటికే సమాన మోతాదులో వైరస్ ఇవ్వాలి. బరువు సరిచూడకపోతే, కనిపించిన తేడా రంగుదో పరిమాణానిదో విడదీయలేము. గుంపులో తిండి కొరత రాకుండా ఆకును రోజుకు రెండుసార్లు మార్చాలి.