జల్లెడపై గింజ ఎప్పుడు ఎగురును?

విత్తుటకు ముందు విత్తనమును జల్లించుట మన రైతులకు క్రొత్త కాదు. ఈ పని సరిగా జరుగనిచో కలుపు గింజలను మన చేతులతో మనమే పొలమున చల్లినట్లగును. విత్తనశుద్ధి యంత్రములో జల్లెడ మరీ మెల్లగా ఊగినచో గింజలు దానిని అంటిపెట్టుకొని కన్నములను మూసివేయును. మితిమీరి ఊగినచో గింజలన్నియు కన్నములపై నుండి దాటిపోవును. సన్నని కలుపు గింజలు క్రిందికి రాలక మంచి విత్తనముతోనే కలిసిపోవును. కనుక గింజ జల్లెడను విడుచు వేగమును లెక్కకట్టు విధము రైతులకు తెలిసియుండవలెను.

కారణము

చేటతో చెరుగు ఇల్లాలిని గమనింపుడు. చేట వేగముగా పైకి లేచునప్పుడు గింజలు దానిని అంటియే యుండును. చేయి పైన ఆగబోవునప్పుడు గింజలు చేటను విడిచి పైకి సాగును. యంత్రపు జల్లెడలోను ఇదియే జరుగును. జల్లెడ గింజను పైకి నెట్టగలదు గాని క్రిందికి లాగలేదు. పైకి పోవు గింజ వేగమును తగ్గించునది భూమ్యాకర్షణ మాత్రమే. అది సెకనుకు 981 సెంటీమీటర్ల చొప్పున వేగమును తగ్గించును. జల్లెడ తన వేగమును ఇంతకంటె త్వరగా తగ్గించుకొన్నచో గింజ వెనుకబడిన జల్లెడను విడిచి ఎగురును.

సూత్రము

జల్లెడ అడుగునుండి పైవరకు కదలు దూరములో సగమును సెంటీమీటర్లలో తీసికొనుడు. నిమిషమునకు ఎన్ని ఊపులో ఆ సంఖ్యను అదే సంఖ్యతో గుణించి, వచ్చినదానిని ఆ సగము దూరముతో గుణింపుడు. ఫలము సుమారు 90,000కు మించినచో గింజ ఎగురును, తగ్గినచో ఎగురదు. సగము దూరము 1 సెం.మీ. అయినచో 300 ఊపులు, 4 సెం.మీ. అయినచో 150 ఊపులు హద్దు. ఇది పాఠ్యపుస్తకములలో సరళ హరాత్మక చలనమని చెప్పబడు క్రమమైన ఊపునకు వర్తించును.

ఉదాహరణము

ఒక యంత్రపు జల్లెడ మొత్తము 2 సెం.మీ. కదలును. మోటారు నిమిషమునకు 1,440 చుట్లు తిరుగును. మోటారు పుల్లీ అడ్డుకొలత 8 సెం.మీ., యంత్రపు పుల్లీది 40 సెం.మీ. యంత్రపు పుల్లీ ఒక చుట్టు తిరిగిన జల్లెడ ఒక మారు ఊగును. గింజ ఎగురునా?

1,440ని 8తో గుణించి 40తో భాగించిన 288 ఊపులు. 288ని 288తో గుణించిన 82,944. సగము దూరము 1 సెం.మీ. గనుక ఫలము అంతే. ఇది 90,000కు తక్కువ, గింజ ఎగురదు. యంత్రపు పుల్లీని 36 సెం.మీ.లకు మార్చినచో ఊపులు 320, ఫలము 1,02,400. ఇప్పుడు గింజ ఎగురును. అదియు జల్లెడ శిఖరమునకు చేరకముందే, మధ్యస్థానమునకు పైన సుమారు 0.88 సెం.మీ. ఎత్తున విడుచును.

గమనింపవలసినవి

1. ఈ లెక్కలో గింజ బరువు ఎక్కడను లేదు. కందిగింజయు నువ్వుగింజయు ఒకే వేగమున జల్లెడను విడుచును. కావున బరువు గింజలకు వేగము పెంచవలెననుట పొరపాటు. జల్లెడ పరిమాణమును బట్టి వేరుచేయును. తాలును, పొట్టును వేరుచేయుట గాలి పని.

2. హద్దు వేగమున జల్లెడ అడుగునకు చేరునప్పుడు గింజలు తమ బరువునకు రెట్టింపు బలముతో దానిని నొక్కును. 5 కిలోల గింజలు 10 కిలోలవలె ఒత్తును. జల్లెడపై మితిమీరి పోయరాదు.

3. జల్లెడ ఏటవాలుగా కదలినచో పైకి క్రిందికి పోవు భాగమును మాత్రమే లెక్కించవలెను.

4. బెల్టు జారినచో ఊపులు లెక్కకంటె తగ్గును. బెల్టు బిగువును ముందుగా చూచుకొనవలెను.

5. విద్యుత్తును నిలిపిన పిదపనే పుల్లీని, బెల్టును ముట్టవలెను.

వేగమును హద్దునకు కొంచెము పైన నిలిపి, పిడికెడు విత్తనమును జల్లించి చూడుడు. మంచి విత్తనములో కలుపు గింజలు కనిపించినచో వేగమును కొద్దిగా తగ్గింపుడు. కన్నములు మూసికొన్నచో కొద్దిగా పెంచుడు. ఆ తరువాతనే మొత్తము విత్తనమును జల్లెడకెక్కింపవలెను.