వాణిజ్య కలన గణితము: పరీక్షకు ముందు పఠనము

తెలుగు బోధించువారు గణితమును గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. ఈ వ్యాసమునకు కారణము ఒక విద్యార్థి తెచ్చిన సందేహము. పరీక్షలు పది దినములున్నవనగా వాణిజ్య శాస్త్ర విద్యార్థి యొకడు మా వద్దకు వచ్చి, “సూత్రాలన్నీ వచ్చు సార్, అయినా లెక్క తప్పుతోంది. ఉపాంత వ్యయం అంటే అర్థమేమిటో మీరైనా చెప్పండి” అని అడిగెను. అతడు ఆ పరీక్షలో అంతకుముందొకసారి తప్పినవాడు. తండ్రిది చిన్న దుకాణము. ఆ యింట కళాశాల మెట్లెక్కిన మొదటివాడు అతడే.

మాటను విడదీసి చెప్పితిమి. ఉప, అంతము కలిసి సవర్ణదీర్ఘ సంధి వలన ఉపాంతమైనది. అంచునకు దగ్గరిదని భావము. ఇదివరకు తయారైన సరకునకు మరియొక వస్తువును చేర్చినచో ఖర్చు దాదాపు ఎంత పెరుగునో, అదియే ఉపాంత వ్యయము. గణితమున అది మొత్తము వ్యయమునకు అవకలజము. ఉర్దూ మాధ్యమము నుండి వచ్చినవారికి ‘ఇహ్సా’ యను పేరు పరిచితము. అరబీలో ఆ మాటకు లెక్కించుట యని అర్థము. సంస్కృతమున ‘కలన’ శబ్దమునకును అదియే అర్థము. లాటినులో ‘కాల్క్యులస్’ అనగా గులకరాయి. పూర్వము రాళ్లతో లెక్కించెడివారు. కావున పేరు చూచి బెదరవలసిన పనిలేదు.

పిమ్మట అతని నోటుపుస్తకము చూచితిమి. అందలి లెక్క ఇది: ఒక గాజుల తయారీదారు దినమునకు ‘స’ పెట్టెలు అమ్మవలెనన్నచో పెట్టె వెల 100 − 2స రూపాయలుగా నుంచవలెను. మొత్తము వ్యయము 20స + 150 రూపాయలు. ఇందు 150 దుకాణపు అద్దె. గరిష్ఠ లాభమునకు ఎన్ని పెట్టెలు అమ్మవలెను?

విద్యార్థి రాబడిని 100స − 2స² అని సరిగనే వ్రాసెను. దానిని అవకలనము చేసి, 100 − 4స = 0, కనుక స = 25 అని ముగించెను. అవకలనములో దోషము లేదు. దోషమంతయు ప్రశ్నను చదువుటలోనే యున్నది. అతడు కనుగొన్నది గరిష్ఠ రాబడి. అడిగినది గరిష్ఠ లాభము.

రాబడి నుండి వ్యయమును తీసివేసినచో లాభము 80స − 2స² − 150. దీని అవకలజము 80 − 4స. అది సున్న యగునప్పుడు స = 20. రెండవ అవకలజము −4, ఋణాత్మకము. కావున ఇది గరిష్ఠమే. అప్పుడు పెట్టె వెల 60, లాభము 650 రూపాయలు. 25 పెట్టెలు అమ్మినచో రాబడి 1,200 నుండి 1,250కి పెరుగును గాని, లాభము 600కు తగ్గును. 20 పెట్టెల వద్ద ఉపాంత రాబడి 20, ఉపాంత వ్యయమును 20. ఈ సమానత్వమే గరిష్ఠ లాభమునకు గుర్తు. ఒకే అమ్మకందారు గల విపణిలో గరిష్ఠ రాబడిని, లాభమును అవకలనముతో సాధించు పద్ధతిని ఫ్రెంచి పండితుడు కూర్నో 1838లో ప్రకటించిన తన గ్రంథమున వివరించెను.

మరియొక విశేషము గమనింపదగినది. అవకలనము చేయగానే 150 మాయమైనది. అద్దె 250 అయినను జవాబు 20 పెట్టెలే, వెల 60 రూపాయలే. లాభము మాత్రము 550కి తగ్గును. స్థిరరాశి అవకలజము సున్న యను సూత్రమును కంఠస్థము చేసినవాడు దాని అర్థము నిట్లు చూచినచో ఎన్నడును మరువడు.

విద్యార్థులారా! మిగిలిన దినములలో మూడు పనులు చేయుడు. మొదట వ్యయము, రాబడి, లాభము, ఉపాంతము, సగటు అను పదములకు మీ మాటలలో అర్థము వ్రాసికొనుడు. రెండవది, పాత ప్రశ్నపత్రములు తీసికొని, లెక్క చేయక మునుపే, “ఏది కావలెను? ఏది చలరాశి?” అను రెండు ప్రశ్నలకు జవాబు వ్రాయుడు. రోజుకు పది లెక్కలు చూచి కాపీ చేయుటకంటె, పుస్తకము మూసి నాలుగు చేయుట మేలు. మూడవది, ప్రతి లెక్క చివర జవాబును ఒక పూర్ణ వాక్యముగా వ్రాయుడు: “దినమునకు 20 పెట్టెలు అమ్మిన గరిష్ఠ లాభము 650 రూపాయలు.” ప్రశ్నతో ఆ వాక్యము పొసగకున్నచో తప్పు అక్కడనే బయటపడును.

పరీక్షనాడు మధ్యాహ్నము ఆ విద్యార్థి వరండాలో ఎదురుపడెను. ఎన్ని లెక్కలు చేసితివని మేమడుగలేదు. చివరి వాక్యము వ్రాసితివా యని మాత్రమే అడిగితిమి. “రాశాను సార్. ఒక చోట వాక్యం కుదరలేదు, వెనక్కి వెళ్లి లెక్క దిద్దుకున్నాను” అనెను. ఫలితములు ఇంకను రావలసియున్నవి. అయినను ఆ దిద్దుబాటే అతడు నేర్చిన గణితమని మా విశ్వాసము.