జూబ్లీహిల్స్ కింద ఉన్న గుట్ట: పాత మ్యాపులు చదవడం ఎలా?

గూగుల్ మ్యాప్స్ మామూలు వ్యూలో ఫిల్మ్‌నగర్ అని కొడితే రోడ్లు, కేఫ్‌లు, ట్రాఫిక్ అన్నీ కనిపిస్తాయి. గుట్ట మాత్రం కనిపించదు. పేరులోనే హిల్స్ ఉన్న ఏరియాలో అవి ఎటు పోయాయి?

ఏ మ్యాపైనా ఎవరో అడిగిన ప్రశ్నకి జవాబు. అమెరికాలో కొత్తగా పెరుగుతున్న ఊళ్లకి శాన్‌బోర్న్ కంపెనీ మ్యాపులు గీసింది. అవి ఇన్సూరెన్స్ వాళ్ల కోసం. ఏ ఇల్లు త్వరగా అంటుకుంటుందో తెలియాలి కాబట్టి ఇటుక ఇంటికి గులాబీ రంగు, చెక్క ఇంటికి పసుపు వేశారు.

మన దగ్గర భయం నీళ్లది. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద హైదరాబాద్‌ని ముంచేసింది. ఆ తర్వాత లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరాన్ని ఇంటింటి దాకా సర్వే చేసి, 1915 నాటికి మ్యాపులు తయారుచేశారు. జూబ్లీహిల్స్ అప్పటికి ఊరి బయట రాళ్ల గుట్టలే. కాబట్టి దానికి వేరే లేయర్లు కావాలి.

1. టోపోషీట్: సర్వే ఆఫ్ ఇండియా పాత సిరీస్‌లో 56 కె/7. స్కేలు 1:50,000, అంటే 1 సెంటీమీటరుకి 500 మీటర్లు. గోధుమరంగు గీతలు ఎత్తుని చెప్తాయి. గీతలు దగ్గరగా ఉంటే వాలు ఎక్కువ. అవి 'వీ' అక్షరంలా వంగి, మొన ఎగువకి చూస్తుంటే అది వాన నీళ్ల దారి.

2. లేఅవుట్: 1960లలో హౌసింగ్ సొసైటీతో ప్లాట్లు మొదలయ్యాయి. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ వచ్చింది, మెల్లగా సినిమావాళ్లు మద్రాసు నుంచి ఇటు కదిలారు. లేఅవుట్ ప్రశ్న ఒకటే: ఎవరి ప్లాట్ ఎంత? వాలు గురించి అది పట్టించుకోదు.

3. శాటిలైట్: గూగుల్ ఎర్త్‌లో టైమ్ స్లైడర్ జరపండి. బండలు, పొదలు పోయి కాంక్రీట్ వస్తుంది. 2020కి దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి కూడా.

ఈ మూడింటినీ క్యూజీఐఎస్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టండి. మ్యాచ్ చేయడానికి కదలని పాయింట్లు తీసుకోవాలి: గోల్కొండ కోట, దుర్గం చెరువు కట్ట లాంటివి. రోడ్డు మలుపులు వద్దు, అవి మారిపోతాయి.

ఇప్పుడు ఆ 'వీ' మొనల్ని కలుపుతూ గీత గీయండి. అది ఏ ప్లాట్ కిందనుంచి పోతుందో చూడండి. నీళ్లకి రోడ్ నంబర్ 36, 45 తెలియవు, పల్లమే తెలుసు. ఇంట్లోవాళ్లు ఫ్లాట్ చూడ్డానికి వెళ్తుంటే, సెల్లార్ పార్కింగ్ ఎంత పెద్దదని అడిగేముందు ఈ గీత ఒకసారి చూపించండి.